పాలసీసా, ఉగ్గుగిన్నె, క్రెష్ నోటుపుస్తకం

ఉద్యోగానికి వెళ్లే తల్లుల పసిబిడ్డలు నగరాల్లో పగలంతా ఉండేది చాలావరకు పక్క బ్లాకులోనో, వెనక వీధిలోనో. హైదరాబాదులో మియాపూర్, నిజాంపేట, కొండాపూర్ వైపు, విశాఖలో మధురవాడ వైపు, ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తమ ఇంట్లోనే చూసుకునే గృహిణులు ఎందరో ఉన్నారు. బోర్డు ఉండదు. "ఫలానా ఫ్లాటులో ఆంటీ చూసుకుంటారు" అన్న మాటే ప్రకటన. ఆడించడం, నిద్రపుచ్చడం ఈ ఇళ్లలో పెద్ద సమస్య కాదు. తినిపించడమే సమస్య. పాలు తల్లివి, పద్ధతి అమ్మమ్మది, చెయ్యి ఆంటీది, ఆకలి మాత్రం బిడ్డది. ఈ నలుగురికీ పొత్తు కుదిరితేనే క్రెష్ సాఫీగా నడుస్తుంది.

క్రెష్‌కు వచ్చేనాటికి బిడ్డ వయసెంత అన్నది తల్లి సెలవును బట్టి ఉంటుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్న తల్లికి మాత్రం 12 వారాలే. 26 వారాలంటే ఆరు నెలలు. తల్లిపాలు తప్ప మరేదీ అవసరం లేని కాలం కూడా ఆరు నెలలే. లెక్క చక్కగా సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ ఆ సెలవులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఒంట్లో బాగాలేక ముందే సెలవు పెట్టిన తల్లికి కాన్పు తర్వాత మిగిలేది 18 వారాలు. అంటే నాలుగు నెలలు నిండగానే బిడ్డను ఎవరికో అప్పగించాలి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సౌకర్యం కల్పించాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చనీ అదే సవరణ చెప్పింది. చిన్న ఆఫీసుల్లో, దుకాణాల్లో, చిన్న ప్రైవేటు బడుల్లో పనిచేసేవారికి ఆ వెసులుబాటు లేదు. వాళ్ల పిల్లలే ఎక్కువగా ఇంటి క్రెష్‌లకు వస్తారు. కొందరు ఇంకా పాలు తప్ప ఏమీ ఎరగనివాళ్లు, కొందరు అప్పుడే అన్నప్రాసన అయినవాళ్లు.

పాలు తాగే బిడ్డ విషయంలో మొదటి నియమం తేలిక, ఆచరణే కష్టం. ఆరు నెలలు నిండేదాకా పాలు తప్ప ఇంకేమీ పట్టకూడదు, మంచినీళ్లు కూడా. మే నెల ఎండలో ఈ మాట చెబితే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీరే. బిడ్డకు దాహమైతే ఇంకో విడత పాలు పట్టాలి. చిన్న పొట్ట నీళ్లతో నిండితే పాలకు చోటుండదు. పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్, అరగదీసిన వస ఇవన్నీ సంచిలో వస్తూనే ఉంటాయి. తేనె సంగతి వేరు. తేనెలో బొటులిజం కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చు. ఇంట్లో ఎంత కాచినా అవి చావవు. ఏడాది నిండని బిడ్డ పేగుల్లో అవి మొలకెత్తి విషాన్ని తయారుచేయగలవు. అందుకే ఏడాది లోపు చూపుడువేలికి అంటించి నాకించడం కూడా కూడదు.

పిండి పంపే తల్లిపాలకు లెక్కలు కచ్చితంగా ఉన్నాయి. అప్పుడే పిండిన పాలు 25 డిగ్రీల వేడి దాటని గదిలో నాలుగు గంటలు నిలుస్తాయి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, డీప్ ఫ్రీజర్‌లో ఆరు నెలలు బాగుంటాయి. అయితే మన ఊళ్లలో మార్చి నుంచి జూన్ దాకా 25 డిగ్రీల గది అంటే ఏసీ గదే. కాబట్టి సంచి గుమ్మం దాటి లోపలికి రాగానే పాలు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, తలుపులో కాదు, లోపలి అరలో వెనకవైపు. తలుపు తీసినప్పుడల్లా వెచ్చబడేది తలుపు అరే. గడ్డకట్టించిన పాలు ఒకసారి కరిగితే ఫ్రిజ్‌లో 24 గంటలు, అంతే. మళ్లీ గడ్డకట్టించకూడదు. వేడిచేయడానికి గిన్నెలో వేడినీళ్లు పోసి సీసాను అందులో నిలబెడితే చాలు. మైక్రోవేవ్‌లో పెడితే పైన గోరువెచ్చగా ఉండి, మధ్యలో బిడ్డ నోరు కాలేంత వేడి ఉండిపోతుంది. నిలవున్న తల్లిపాలు రెండు పొరలుగా విడిపోయి మీగడ పైకి తేలుతుంది. అది చూసి విరిగిపోయాయనుకుని పారబోసినవాళ్లూ ఉన్నారు. మెల్లగా తిప్పితే కలిసిపోతాయి. బిడ్డ నోరు పెట్టిన సీసాలో మిగిలినవి రెండు గంటల్లోగా వాడాలి, లేకుంటే పారబోయాలి.

ఆ పారబోయడం దగ్గరే తల్లి మనసు చివుక్కుమంటుంది. ఆఫీసులో తలుపు గడియ కూడా సరిగా పడని గదిలో కూర్చుని పిండిన పాలవి. దీనికి మందు సీసా సైజులోనే ఉంది. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య తల్లిపాలు తాగే బిడ్డ రోజు మొత్తానికి సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతుంది. ఆ లెక్కన తల్లి దూరంగా ఉన్న తొమ్మిది గంటలకు 300 నుంచి 400 మిల్లీలీటర్లు సరిపోతాయి. దాన్ని రెండు పెద్ద సీసాల్లో కాక 60, 90 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో పంపితే వృథా తగ్గిపోతుంది. ఒక 30 మిల్లీలీటర్ల సీసా విడిగా ఉంచుకోవడం మంచిది. సాయంత్రం తల్లి రావడానికి గంట ముందు బిడ్డ ఏడిస్తే అది పడితే చాలు. కడుపు నిండా పట్టేస్తే, పాలు చేపుకొచ్చిన రొమ్ముతో ట్రాఫిక్ దాటి వచ్చిన తల్లికి బిడ్డ మొహం తిప్పేసుకుంటుంది. ఇది అనుభవం ఉన్న ఆయాలందరికీ తెలిసిన విషయమే. కొత్తవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

సీసాల మీద బిడ్డ పేరు, పిండిన తేదీ, సమయం రాసిన టేపు అంటించాలి. ఒకరి పాలు మరొకరికి పట్టడమన్నది జరగకూడనిదే కానీ, జరగదని అనుకోకూడదు. జరిగితే అదే గంటలో ఇద్దరు తల్లులకూ ఫోను చేసి చెప్పాలి. తల్లిపాల ద్వారా సంక్రమించే జబ్బులు కొన్ని ఉన్నాయి కాబట్టి డాక్టరుకు తెలియజేయడం తప్పదు. దాచిపెట్టి తర్వాత బయటపడితే పోయిన నమ్మకం ఇక తిరిగిరాదు.

డబ్బాపాల మీద నిర్ణయం తల్లిదండ్రులదీ డాక్టరుదీ. ఫలానా కంపెనీది మంచిదని ఆంటీ సలహా ఇవ్వకూడదు. వాటిని ప్రకటించడాన్నే దేశంలో 1992 చట్టం నిషేధించింది, డబ్బా మీద తల్లిపాలే శ్రేష్ఠమని అచ్చు వేయాలని కూడా చెప్పింది. కలిపే పద్ధతి మాత్రం ఆంటీ చేతిలో పని. పొడి పూర్తిగా సూక్ష్మజీవులు లేని పదార్థం కాదు. అందుకే మరిగించి, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్న నీళ్లలో కలిపి, తర్వాత చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ముందు నీళ్లు కొలిచి, తర్వాత పొడి వేయాలి. చెంచా గోపురంలా కాక అంచుకు సమంగా ఉండాలి. కలిపిన పాలు రెండు గంటల్లో, తాగడం మొదలుపెట్టాక గంటలో అయిపోవాలి. నెలాఖరున డబ్బా అడుగుకు వచ్చినప్పుడు రెండు రోజులు పలచగా కలిపి నెట్టుకొచ్చే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది పొదుపు కాదు, ప్రమాదం. నీరెక్కువైతే బిడ్డ రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్లవచ్చు. డబ్బా ఎవరు కొనాలి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నది మొదటి రోజే తేల్చుకుంటే ఈ అవస్థ రాదు.

రొమ్ము తప్ప ఎరగని బిడ్డ మొదటి వారం సీసాను నాలుకతో తోసేస్తుంది. తల్లి ఉద్యోగంలో చేరడానికి రెండు వారాల ముందే, తల్లి కాని మనిషి చేత రోజుకోసారి పట్టిస్తే అలవాటవుతుంది. సీసా తప్పనిసరి కూడా కాదు. చిన్న గ్లాసుతోనో, ముక్కున్న ఉగ్గుగిన్నెతోనో కూర్చోబెట్టి పట్టవచ్చు. కడగడానికీ అవి సీసాకన్నా తేలిక. ఉగ్గుగిన్నె మంచిదే, దాన్ని వాడే పాత పద్ధతే మంచిది కాదు. చాచిన కాళ్ల మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఏడ్చే నోట్లోకి ధారగా పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని, గిన్నె ముక్కును కింది పెదవికి ఆనిస్తే బిడ్డే నాలుకతో లాక్కుంటుంది. సీసా అయినా అంతే. దిండుకు ఆనించి వదిలేయకూడదు. అడ్డంగా పట్టి, నాలుగు గుటకలకోసారి కాస్త ఆపి, మధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరాలి.

ఎంత తాగాలో తెలిసింది బిడ్డకే. ఆకలేసినప్పుడు చేతులు నోట్లో పెట్టుకుంటుంది, పెదాలు చప్పరిస్తుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది. ఏడుపు ఆఖరి పిలుపు. చాలనిపిస్తే చప్పరించడం నెమ్మదిస్తుంది, పిడికిలి విచ్చుకుంటుంది, మొహం పక్కకు తిరుగుతుంది. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ ఈ విషయాన్ని బాధ్యతల పంపకంగా చెప్పారు. ఏం పెట్టాలన్నది పెద్దవాళ్ల పని, ఎంత తినాలన్నది బిడ్డ పని. ఇంటి క్రెష్‌లో తగాదాలు చాలావరకు ఈ రెండో భాగం దగ్గరే పుడతాయి. సాయంత్రం సంచి తెరవగానే వచ్చే ప్రశ్న ఒకటే: "ఆంటీ, డబ్బా ఖాళీ కాలేదేంటి?" ఆ ప్రశ్నకు భయపడి ఆంటీ మర్నాడు మిగిలినదాన్ని బలవంతంగా కుక్కుతుంది, లేదా సింకులో పారబోసి ఖాళీ డబ్బా పంపుతుంది. మొదటి పనితో బిడ్డ చెంచా చూస్తేనే నోరు బిగించడం నేర్చుకుంటుంది. రెండో పనితో తల్లికి తప్పు లెక్క అందుతుంది, మర్నాడు ఇంకా పెద్ద డబ్బా వస్తుంది. ఖాళీ డబ్బా ఆంటీ పనితనానికి కొలత కాదని తల్లిదండ్రులు ముందే ఒప్పుకోవాలి. బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో తేల్చడానికి వేరే కొలతలున్నాయి. రోజుకు ఆరు అంతకు మించి తడిసిన డైపర్లు, నెలనెలా పెరిగే బరువు. పుట్టినప్పటి బరువు ఐదో నెలకల్లా సుమారు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. "బిడ్డ సన్నబడింది" అని అమ్మమ్మ, "ఏం లేదు, బాగానే ఉంది" అని ఆంటీ వాదించుకునే బదులు టీకాల కార్డులో బరువు గీత చూస్తే సరిపోతుంది. దిష్టి ఆ తర్వాత తీరిగ్గా తీయవచ్చు.

ఆరో నెల నుంచి గిన్నె, చెంచా వస్తాయి. అన్నప్రాసన మగపిల్లలకు ఆరో నెలలో, ఆడపిల్లలకు ఐదో నెలలో చేసే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. వేడుక ఐదో నెలలో జరిగినా రోజువారీ తిండి ఆరు నిండాకే మొదలుపెట్టవచ్చు, ఆచారానికి వచ్చే లోటేమీ లేదు. మొదట్లో రెండు మూడు చెంచాలు. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిది నుంచి మూడు నాలుగుసార్లు. ఇందులో క్రెష్ వంతు ఒకటో రెండో పూటలు. మిగతావి ఇంటివి. వేయించి పొడి చేసిన బియ్యం, పెసరపప్పు ఉగ్గు, రాగి జావ, మెత్తగా ఉడికిన పప్పన్నం, గుమ్మడికాయ, అరటిపండు అన్నీ మంచివే. లోపం ఉండేది చిక్కదనంలో. ఏడు కిలోల బిడ్డ పొట్టలో పట్టేది దాదాపు 200 మిల్లీలీటర్లు. సీసా నిపిల్‌లోంచి కారేంత పలచని జావతో ఆ పొట్ట నిండితే లోపలికి పోయింది ఎక్కువగా నీళ్లే. చెంచా వంచినా జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. అందులో అర చెంచా నెయ్యో నూనో వేస్తే బలం పెరుగుతుంది. ఏడాదిలోపు ఉప్పు, రెండేళ్లలోపు పంచదార అవసరం లేదు. తొమ్మిదో నెల వచ్చినా మిక్సీలో తిప్పిన గుజ్జే పంపే తల్లులున్నారు. ఎనిమిదో నెల నుంచే వేలితో నలిపిన మెతుకులు, చేత్తో పట్టుకునే ఉడికిన క్యారెట్ ముక్క అలవాటు చేయకపోతే నమలడం నేర్చుకునే వయసు దాటిపోయి, తర్వాత ప్రతి ముద్దకూ డోకు వస్తుంది.

ఇనుము మాట ప్రత్యేకంగా చెప్పాలి. కడుపులో ఉండగా తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము ఆరో నెలకు తరిగిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఉత్త పెరుగన్నంతో, పాలతో ఇది తీరదు. గుడ్డు, మాంసం, పప్పు, ఆకుకూరతో పాటు కాస్త నిమ్మరసమో జామపండు గుజ్జో ఉండాలి. ఇక్కడే ఇంటి క్రెష్‌లో ఒక చిక్కు ఉంది. ఆంటీ ఇంట్లో గుడ్డు వండరు, తల్లి ఉడికిన గుడ్డు పంపుతుంది. లేదా ఆంటీ వండిన కూర బిడ్డ ఇంటి ఆచారానికి సరిపడదు. ఎవరి పట్టింపు వారికి ఉండవచ్చు, తప్పు లేదు. తప్పల్లా మూడో వారంలో, బిడ్డ నోటి దగ్గర చెంచా ఉండగా ఆ సంగతి బయటపడటం. "మా ఇంట్లోకి గుడ్డు రాదమ్మా, అది మీరు పొద్దునే పెట్టి తీసుకురండి" అని చేర్చుకునే రోజే చెప్పే ఆంటీతో ఏ తల్లికీ పేచీ ఉండదు.

కొత్త పదార్థం మొదటి ముద్ద ఎప్పుడూ తల్లిదండ్రుల ఎదుట, ఇంట్లో, ఆఫీసు లేని రోజు ఉదయం పెట్టాలి. దద్దుర్లో, వాంతో వస్తే చూసుకోవడానికి పగలంతా ఉంటుంది. అలర్జీ భయంతో వేరుసెనగను ఏళ్ల తరబడి దూరం పెట్టమనే పాత సలహాను లండన్‌లో జరిపి 2015లో ప్రకటించిన పరిశోధన తలకిందులు చేసింది. అలర్జీ ముప్పు ఎక్కువున్న పిల్లల్లో కూడా తొలి ఏడాదిలోనే మొదలుపెట్టినవారికి వేరుసెనగ అలర్జీ బాగా తగ్గింది. ఒంటి మీద ఎగ్జిమా ఎక్కువగా ఉన్న బిడ్డకైతే డాక్టరును అడిగే మొదలుపెట్టాలి. పెట్టేది పొడి రూపంలో, జావలో కలిపి. వేరుసెనగ గుళ్లు, సెనగలు, నిండు ద్రాక్షపండు, గట్టి జంతికల ముక్క క్రెష్ గదిలో కింద పడి కూడా ఉండకూడదు. ఆంటీ ఇంట్లో పెద్దపిల్లలుంటే రోజూ చీపురుతో ఊడ్చాక ఒకసారి మంచం కిందకు వంగి చూడటం అవసరం.

ఇంకో పేచీ ఫోను. "ఇంట్లో రైమ్స్ పెడితేనే తింటాడు, మీరూ పెట్టండి" అని తల్లి చెప్పి వెళుతుంది. పూర్వం కాకిని, వీధిలో పోయే బండిని చూపించి పెట్టేవారు. అదీ మరపించడమే, కాకపోతే కాకి ఎగిరిపోయేది, ఫోను ఎగిరిపోదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెర చూస్తూ తినే బిడ్డకు చాలన్న సంగతి తెలియదు. క్రెష్‌లో ఫోను పెట్టబోమని ముందే చెప్పి, పిల్లలందర్నీ ఒకేసారి చాప మీద కూర్చోబెడితే మూడు నాలుగు రోజుల్లో బిడ్డ పక్కవాళ్లను చూసి నోరు తెరుస్తుంది.

వీటన్నిటినీ కలిపి ఉంచేది ఒక పదిరూపాయల నోటుపుస్తకం. బిడ్డకో పుస్తకం. పొద్దున తల్లి రాసే వరుస: ఆఖరిసారి ఎప్పుడు తాగింది, రాత్రి నిద్ర, మందులు. పగలు ఆంటీ రాసేది: సమయం, ఏమిటి, ఎంత, ఎంత పారబోశారు, డైపర్లు. వాట్సాప్‌లోనూ పంపవచ్చు కానీ తల్లులందరూ ఉన్న గ్రూపులో కాదు. ఒక బిడ్డ 120 మిల్లీలీటర్లు తాగిందని చూసి 70 తాగిన బిడ్డ తల్లి ఆఫీసులో కూర్చుని కుమిలిపోతుంది. నోటిమాటలోనూ అంతే జాగ్రత్త కావాలి. "మీ పాలు చాలట్లేదమ్మా" అన్నది తీర్పు. "పదకొండున్నరకి 90 తాగాక ఇంకా వెతుక్కుంది, రేపు ఇంకో చిన్న సీసా పంపండి" అన్నది సమాచారం. మొదటి మాట విని తల్లి పాలు మానిపించే ఆలోచనలో పడుతుంది, రెండో మాట విని సీసా పంపుతుంది. తల్లికీ నానమ్మకీ భిన్నాభిప్రాయం ఉంటే ఆంటీ మధ్యవర్తిత్వం చేయబోకూడదు. చేర్చిన రోజు ఎవరి మాట చివరిదో రాయించుకుని దాని ప్రకారం నడవాలి.

వాంతులు, విరేచనాలు మొదలైతే ఫోను చేశాకే ఏదైనా. తల్లిపాలు ఆపకూడదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు ఎంత నీటిలో కలపాలో ప్యాకెట్టు మీదే ఉంటుంది, ఆ కొలత మారకూడదు. డాక్టరు చీటీ, తల్లి రాత లేకుండా ఏ సిరప్పూ పట్టకూడదు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే సాయంత్రం దాకా ఆగకూడదు.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇదే పని వేరే చట్రంలో ఎదురవుతుంది. అక్కడ లైసెన్సు తీసుకుని ఇంట్లోనే డే కేర్ నడిపే తెలుగు మహిళలు ఉన్నారు. పిల్లల భోజన ఖర్చును కొంత భరించే కేంద్ర ప్రభుత్వ పథకంలో చేరిన ఇళ్లు ఏడాది లోపు పిల్లలకు ఇనుము కలిపిన ఫార్ములా కనీసం ఒక రకం తామే ఇవ్వజూపాలి. తల్లిదండ్రులు అది కాదని తల్లిపాలో, తమ ఫార్ములానో పంపుకోవచ్చు. పళ్ల రసం ఏడాది దాకా కూడదు. తల్లి భోజన విరామంలో వచ్చి అక్కడే రొమ్ము పట్టినా ఆ పూట భోజనం లెక్కలోకి వస్తుంది. 2017 అక్టోబరు నుంచి అమలైన ఆ నియమాల్లో గడియారం ప్రకారం కాక బిడ్డ ఆకలిని బట్టి పెట్టమని కూడా ఉంది. హైదరాబాదు ఆంటీలకు నోటిమాట మీద నడుస్తున్నదే అక్కడ కాగితం మీద ఉంటుంది, తనిఖీకి మనిషి వస్తాడు.

ఏడాది నిండాక ఆవుపాలు, గేదెపాలు తాగే పాలుగా ఇవ్వవచ్చు, రోజుకు అర లీటరు మించకుండా. అంతకు మించితే అన్నం మీద ఆకలి చచ్చిపోతుంది, ఇనుమూ తగ్గుతుంది. సీసాను మెల్లగా మాన్పించి ఏడాదిన్నరలోగా గ్లాసుకు మార్చాలి. నిద్రలో సీసా నోట్లో ఉండిపోయే బిడ్డకు ముందుపళ్లు పుచ్చిపోతాయి. తల్లిపాలు మాత్రం పొద్దునా రాత్రీ రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగవచ్చు. ఇంట్లో వండినదే కారం తగ్గించి పెడితే సరిపోయే ఆ వయసులో నోటుపుస్తకంలో మిల్లీలీటర్ల వరుస అక్కర్లేదు. ఏ పూట ఏం తిన్నాడో ఒక్క ముక్క రాస్తే చాలు.